ఫలవృక్షాల వేళ్లలో శిలీంధ్ర సహజీవనం

పండ్లతోట వేయదలచిన రైతు నర్సరీకి వెళ్లి మొక్కను ఎంచుకొనేటప్పుడు ఆకు రంగు చూస్తాడు, కాండం బలం చూస్తాడు, అంటు అతికిన చోటు గట్టిపడినదా లేదా అని వేలితో తడిమి చూస్తాడు. వేరును మాత్రం చూడడు. చూడవలెనన్నా అది మట్టితో, ప్లాస్టిక్ సంచితో కప్పబడి ఉంటుంది. ఒకవేళ సంచిని చింపి, వేరును శుభ్రంగా కడిగి, ఎండలో పట్టి చూసినా ఈ వ్యాసంలో చెప్పబోయే విషయం కంటికి కనిపించదు. అయినా ఆ మొక్క తొలి రోజులలో ఎట్లా నిలదొక్కుకొంటుంది, నేలలోని భాస్వరాన్ని ఎంతవరకు అందుకొంటుంది అన్నది చాలావరకు దానిమీదనే ఆధారపడి ఉంటుంది. బత్తాయి తోట వేసినవాడు తొలి కాపు కొరకు నాలుగైదేళ్లు ఎదురుచూడవలసి ఉంటుంది కనుక, నర్సరీలో జరిగిన లోపం అతనికి తెలిసివచ్చేసరికి కాలమూ ధనమూ రెండూ వ్యయమై ఉంటాయి.

శిలీంధ్రం అనగానే మన విద్యార్థులకు తెగుళ్లే గుర్తుకు వస్తాయి. ఇందుకు వారిని తప్పుపట్టలేము. తరగతిలో మనం చెప్పేవి కాటుక తెగులు, కుంకుమ తెగులు, బూడిద తెగులు. పరీక్షలో అడిగేవి కూడా అవే. ఆరోగ్యంగా ఉన్న మామిడిచెట్టు వేరులో సైతం శిలీంధ్రం నివసిస్తూ ఉంటుందని, అది లేకపోవడమే చెట్టుకు అనారోగ్యమని చెబితే వింతగా వింటారు. ఈ వింతను మొదట శాస్త్రలోకానికి స్పష్టంగా చెప్పినవాడు జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. నేలలోపల పెరిగే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగులను సాగుచేయడం సాధ్యమేమో పరిశీలించవలసినదిగా ప్రష్యా ప్రభుత్వం ఆయనను కోరింది. ట్రఫుల్ సాగు మాట ఎట్లా ఉన్నా, అడవిచెట్ల వేళ్ల కొనలను శిలీంధ్రం తొడుగువలె కప్పి ఉండడం, అయినా చెట్లు ఏపుగా పెరుగుతూ ఉండడం ఆయన గమనించాడు. 1885లో ఆ జంటకు మైకోరైజా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో మైకెస్ అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. మన తెలుగు గ్రంథాలలో దీనిని శిలీంధ్రమూలం అంటున్నాము. శిలీంధ్రం చెట్టుకు దాదివలె ఆహారం అందిస్తున్నదని ఫ్రాంక్ అన్నప్పుడు సమకాలికులు చాలామంది అంగీకరించలేదు. శిలీంధ్రాన్ని పరాన్నజీవిగానే చూడడం అప్పటి అలవాటు.

ఫ్రాంక్ చూసినది వేరుపై తొడుగు కట్టే రకం. పైన్, ఓక్ వంటి చెట్లకు అది ఉంటుంది. ఉష్ణమండల ఫలవృక్షాలకు ఉండేది రెండవ రకం. మామిడి, బత్తాయి, నిమ్మ, జామ, సపోటా, పనస, సీతాఫలం, దానిమ్మ, ఇవన్నీ ఈ కోవలోనివే. అరటిని, బొప్పాయిని శాస్త్రరీత్యా చెట్లు అనరాదు గాని తోటలో వాటి స్థానం చెట్లదే కనుక వాటినీ చేర్చుకొందాము. ఈ రెండవ రకంలో శిలీంధ్రం వేరు లోపలికి, వల్కల కణాలలోనికి ప్రవేశిస్తుంది. భూమిమీది మొక్కల జాతులలో నూటికి 70కి పైగా ఈ రకం సంబంధమే కలిగి ఉన్నాయి. ఇందులో పాల్గొనే శిలీంధ్రాలను పూర్వం ఎండోగోన్ అనే ప్రజాతిలో చేర్చేవారు. తరువాత గ్లోమస్, గైగాస్పోరా మొదలైన ప్రజాతులు ఏర్పరచారు. 2001లో వీటన్నిటిని గ్లోమెరోమైకోటా అనే ప్రత్యేక విభాగంగా గుర్తించారు. పేర్లు మారినంత వేగంగా ఆ జీవులు మారలేదు. స్కాట్లాండులోని రైనీ గ్రామం వద్ద దొరికిన, 40 కోట్ల సంవత్సరాల పైబడిన శిలాజ మొక్కలలో ఇటువంటి శిలీంధ్రపు గుర్తులే ఉన్నట్లు 1994లో ప్రకటించారు. ఆ మొక్కలకు ఇంకా నిజమైన వేళ్లే లేవు. వేరు పుట్టకముందే వేరుకు తోడు పుట్టినదన్నమాట.

వేరులోపల జరిగేది కొంచెం వివరంగా తెలుసుకోవాలి. నేలలోని సిద్ధబీజం మొలకెత్తి సన్నని తంతువును పంపుతుంది. భాస్వరం కొరతతో ఉన్న మొక్క తన వేళ్ల నుంచి స్ట్రైగోలాక్టోన్‌లు అనే పదార్థాలను అతి స్వల్ప పరిమాణంలో విడుదల చేస్తుంది. వాటి జాడ తగిలిన తంతువు కొమ్మలు కొమ్మలుగా చీలి వేరువైపు పెరుగుతుంది. ఇవి మొక్క పంపే ఆహ్వానమని 2005లో తెలిసింది. తంతువు వేరు ఉపరితలాన్ని అంటుకొని, బాహ్యచర్మాన్ని దాటి, వల్కల కణాల గోడలను ఛేదించి లోపల అతి సూక్ష్మంగా శాఖోపశాఖలుగా విస్తరిస్తుంది. చిన్న పొదవలె కనిపించే ఈ నిర్మాణానికి ఆర్బస్క్యూల్ అని పేరు. ఇక్కడ ఒక సంగతి విద్యార్థులు గుర్తుంచుకోవాలి: శిలీంధ్రం కణపు గోడను దాటినదే గాని కణత్వచాన్ని దాటదు. కణత్వచం చేతికి తొడుగువలె ఆ పొద ప్రతి కొమ్మ చుట్టూ ముడుచుకొని సాగుతుంది. అందువల్ల ఇద్దరి మధ్య స్పర్శతలం ఎంతో పెరుగుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం ఆ పొరల గుండానే జరుగుతుంది. ఆర్బస్క్యూల్ ఆయువు కొద్ది రోజులే. ఆ తరువాత అది కృశించిపోతుంది, కణం మాత్రం సజీవంగా మిగులుతుంది. అనేక రకాలలో కోశికలు అనే గుండ్రని తిత్తులు కూడా ఏర్పడతాయి. అవి కొవ్వును నిలువచేసుకొనే గాదెలు. నాళికా కణజాలంలోనికి శిలీంధ్రం పోదు, వేరు కొనను తాకదు.

ఇంత జరిగినా వేరు వెలుపల చిన్న గుర్తు కూడా ఉండదు. హైదరాబాదు బజారులో బంగినపల్లి మామిడిని బేనిషాన్ అంటారు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు, మచ్చ లేనిది, గుర్తు లేనిది అని. పండు బేనిషాన్ అయితే దాని వేరులోని శిలీంధ్రం అంతకన్న బేనిషాన్. దానిని చూడాలంటే రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టక తప్పదు. ఆ పద్ధతి చివరలో చెబుతాను.

ఇక చెట్టుకు ఈ తోడు ఎందుకు అవసరమైనది? భాస్వరం కొరకు. నత్రజని నేలలో నైట్రేటు రూపంలో నీటితోపాటు కదులుతుంది, నీరు వేరును చేరినప్పుడు తానూ చేరుతుంది. భాస్వరం అట్లా కాదు. ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు దానిని పట్టి ఉంచుతాయి; సున్నం గల నల్లనేలలో కాల్షియం పట్టి ఉంచుతుంది. మన రాయలసీమలోను, తెలంగాణాలోను ఈ రెండు రకాల నేలలూ ఉన్నవి. రైతు వేసిన సూపర్ ఫాస్ఫేటులో మొదటి పంటకు అందేది సాధారణంగా నాలుగో వంతుకు మించదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని త్వరలోనే పీల్చివేస్తుంది. ఆ తరువాత దాని చుట్టూ ఒక ఖాళీ వలయం ఏర్పడుతుంది. అవతల భాస్వరం ఉన్నా అది నడిచి రాదు, వేరు తానై వెళ్లాలి. కొత్త వేరును పెంచడం చెట్టుకు ఖర్చుతో కూడిన పని. శిలీంధ్ర తంతువు మందం 2 నుంచి 10 మైక్రాన్లు మాత్రమే. అంటే చాలా తక్కువ పదార్థంతో చాలా పొడవైన తంతువును తయారుచేసుకోవచ్చు. వేరు దూరలేని మట్టిరేణువుల సందులలోనికి అది దూరగలదు. రేడియోధార్మిక భాస్వరాన్ని ఉపయోగించి ఉల్లి మొక్కలపై జరిపిన ఒక ప్రయోగంలో, వేరుకు 7 సెంటీమీటర్ల దూరాన ఉన్న భాస్వరం సైతం తంతువుల ద్వారా మొక్కను చేరినట్లు 1975లో చూపారు. జింకు, రాగి వంటి సూక్ష్మపోషకాలు కూడా ఈ మార్గాన అందుతాయి.

అన్ని మొక్కలకు ఈ అవసరం ఒకే స్థాయిలో ఉండదు. వరి, గోధుమ వంటి గడ్డిజాతుల వేళ్లు సన్నగా, గుబురుగా, పుష్కలమైన మూలకేశాలతో ఉంటాయి కనుక అవి కొంతవరకు స్వయంపోషకంగా నెట్టుకురాగలవు. నిమ్మజాతి చెట్ల వేళ్లు మొరటుగా ఉంటాయి. మూలకేశాలు తక్కువ, ఉన్నవి కూడా పొట్టివి. అవకాడోకు మూలకేశాలే ఉండవు. ఇటువంటి చెట్టుకు శిలీంధ్రమే మూలకేశాల పని చేస్తుంది.

ప్రతిఫలంగా చెట్టు ఇచ్చేది తక్కువేమీ కాదు. కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారైన పదార్థంలో సుమారు 4 నుంచి 20 శాతం వరకు శిలీంధ్రానికి పోతుందని అంచనా. చాలాకాలం ఇది చక్కెర రూపంలోనే పోతుందనుకొన్నారు. చక్కెరతోపాటు కొవ్వు ఆమ్లాలు కూడా చెట్టు నుంచే అందుతున్నట్లు 2017లో వెల్లడైంది. కొవ్వు ఆమ్లాలను మొదటినుంచి నిర్మించుకొనే శక్తి ఈ శిలీంధ్రాలకు లేదు. ప్రయోగశాలలో బూజును పెంచినట్లు వీటిని అగార్ పళ్లెంలో విడిగా పెంచలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. సజీవమైన వేరు లేనిదే వీటికి పూర్తి జీవితం లేదు. అందుచేత నర్సరీకి కావలసిన శిలీంధ్రాన్ని జొన్న, మొక్కజొన్న వంటి మొక్కల వేళ్లపై కుండీలలో పెంచి, ఆ మట్టిని, వేళ్ల ముక్కలను కలిపి వాడుతారు.

ఈ తోడు ఆపిల్ మొక్కల పెరుగుదలకు మేలు చేస్తుందని ఇంగ్లండులో బార్బరా మోస్ 1957లోనే చూపింది. అయితే దీని విలువ తోటల యజమానులకు తెలిసివచ్చినది అమెరికాలోని నిమ్మజాతి నర్సరీల వల్ల. ఆ కథ కొంత తీరికగా చెప్పుకోదగినది.

నిమ్మజాతి నారుమళ్లకు ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు, నులిపురుగులు, కలుపు పెద్ద బెడద. వాటిని వదిలించుకొనేందుకు విత్తనం వేయకముందే మడిని ప్లాస్టిక్ పట్టాతో కప్పి మిథైల్ బ్రోమైడ్ వంటి విషవాయువును పట్టించేవారు. తెగులు పోయేది, నులిపురుగు పోయేది, కలుపూ పోయేది. ఇంత శుభ్రమైన మడిలో మొక్కలు విరగబడి పెరగవలసింది. కాని మొలకలు కొద్ది అంగుళాలు లేచి ఆగిపోయేవి. ఆకులు చిన్నవై, పాలిపోయి, మడి అంతా దిగులుగా ఉండేది. మరీ విచిత్రమేమంటే అదే మడిలో అక్కడక్కడ కొన్ని మొక్కలు గుంపులుగా పచ్చగా ఎదిగేవి, ఆ పచ్చని గుంపులు క్రమంగా చుట్టూ విస్తరించేవి. విషవాయువు అవశేషం నేలలో మిగిలిపోయి మొక్కలను గిడసబారుస్తున్నదని చాలామంది భావించారు. వినడానికి సమంజసమైన వాదనే. వాయువు పూర్తిగా పోయేవరకు మడిని ఆరబెట్టినా మాత్రం గుణం కనిపించలేదు.

1972లో క్లైన్‌ష్మిట్, గెర్డెమన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం ప్రచురించారు. నేలలో మిగిలినది ఏదో మొక్కలను చంపడం లేదు. నేలలో మిగలనిది వాటిని బాధిస్తున్నది. విషవాయువు శత్రువులతోపాటు సహజీవన శిలీంధ్రాన్ని కూడా నిర్మూలించింది. శిలీంధ్రాన్ని తిరిగి చేర్చినప్పుడు అదే మట్టిలో మొక్కలు చక్కగా పెరిగాయి. పచ్చని గుంపులు శిలీంధ్రం ఎట్లాగో బ్రతికి బయటపడిన చోట్లు. అది వేరునుంచి వేరుకు నెమ్మదిగా పాకినకొద్దీ పచ్చదనం పాకింది. ఈ శిలీంధ్రపు సిద్ధబీజాలు నేలలోపల ఏర్పడేవి, పరిమాణంలో పెద్దవి. తుప్పు తెగులు బీజాలవలె గాలిలో తేలి పొలాలు దాటివచ్చేవి కావు. కనుక ఒకసారి పోయిన శిలీంధ్రం తనంతట తాను తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది, నారుమొక్కకు అంత వ్యవధి ఉండదు.

భాస్వరపు ఎరువును భారీగా వేసి కూడా ఆ మొక్కలను పెంచవచ్చును. అసలు కొరత భాస్వరానిదేనని ఇది నిరూపిస్తుంది. కాని ఆ వైద్యానికి మరొక జబ్బు వెంట వచ్చింది. భాస్వరం మితిమీరినకొద్దీ మొక్కకు రాగి అందడం తగ్గుతుందని, శిలీంధ్రం కుంటుపడడమే అందుకు కారణమని 1980లో పుల్లనారింజ నారుపై జరిపిన పరిశోధన తెలిపింది. మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరకు చేటు అని తేలడంతో మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అభివృద్ధి చెందిన దేశాలు 2005 నాటికి, మిగిలిన దేశాలు 2015 నాటికి కొన్ని మినహాయింపులతో దానిని విడనాడాయి.

మన నర్సరీలలో ఆ వాయువు వాడకం ఎన్నడూ అంత విస్తారంగా లేదు కదా, ఈ కథతో మనకేమి పని అని ఎవరైనా అడగవచ్చు. అనంతపురంలో చీనీ అని, నల్లగొండలో బత్తాయి అని పిలిచే చెట్టును సాధారణంగా జంబేరి లేదా రంగపూర్ నిమ్మ వేరుపై అంటు కడతారు. ఆ వేరు నిమ్మజాతిదే, దాని అవసరమూ అదే. పూర్వం నారును పొలం మట్టి, పశువుల ఎరువు కలిపిన మడిలో పోసేవారు. మంచితోపాటు చెడూ ఆ మట్టిలో ఉండేది. ఇప్పుడు తెగుళ్లకు భయపడి కొబ్బరిపొట్టు వంటి మట్టిలేని మిశ్రమాలలో, నీడవలల కింద పెంచడం పెరిగింది. అది మంచి పద్ధతే. కాని కొబ్బరిపొట్టులో ఈ శిలీంధ్రం ఉండదు. కణజాల వర్ధనం ద్వారా వచ్చే అరటి పిలక సంగతి మరీ స్పష్టం: సీసాలో పుట్టినప్పుడు అది సంపూర్ణంగా ఏకాకి. విషవాయువు పట్టించిన మడికి, మట్టిలేని సంచికి ఫలితం ఒకటే, దారులు వేరు. కావున శత్రువులను తొలగించిన నర్సరీ మిత్రుణ్ణి తిరిగి చేర్చే బాధ్యత కూడా తీసుకోవాలి. నారు దశలోనే, వేరు పెరిగే దారిలో గింజ కింద కొద్దిగా శిలీంధ్రపు మట్టిని వేస్తే చాలు. ఎదిగిన తోటలో చెట్టు చుట్టూ చల్లడం కన్న ఇది ఎంతో చౌక, ఫలితమూ నిశ్చయం.

ఇంతవరకు చదివి శిలీంధ్రం సర్వరోగ నివారిణి అని ఎవరూ అనుకోరాదు. భాస్వరం సమృద్ధిగా ఉన్న నేలలో చెట్టుకు ఈ తోడు భారమే కావచ్చు. భాస్వరం ఎక్కువగా ఇచ్చిన నిమ్మజాతి మొక్కలలో శిలీంధ్రం ఉన్నవి లేనివాటికన్న తక్కువ పెరిగినట్లు, పోయిన కర్బనానికి తగిన లాభం రాకపోవడమే అందుకు కారణమైనట్లు ఫ్లారిడాలో జరిపిన పరిశోధన 1993లో వివరించింది. ఏటా అలవాటుగా డి.ఏ.పి. కుమ్మరించే తోటలో శిలీంధ్రపు పొట్లం కూడా కొని చల్లడం డబ్బును రెండుసార్లు పారవేసుకోవడమే అని నా అభిప్రాయం. ముందు భూసార పరీక్ష చేయించి, భాస్వరం ఎంత ఉన్నదో తెలుసుకోవడం ఉత్తమం. పొట్లంలోని బీజాలు జీవించి ఉన్నవా అన్నది మరొక ప్రశ్న. ఎండలో, వేడి గోదాములో నెలలు గడిపిన పొడిపై నమ్మకం పెట్టుకోలేము. కార్బెండజిమ్ వంటి మందును వేరు దగ్గర పోస్తే ఈ శిలీంధ్రానికీ హాని కలుగుతుంది, మందుకు మిత్రుడు శత్రువు అనే భేదం తెలియదు.

తోటలో ఇప్పటికే ఉన్న శిలీంధ్రాన్ని కాపాడుకోవడం కొనడంకన్న మేలు. తరచుగా లోతుగా దున్నితే తంతువుల వల తెగిపోతుంది. చెట్ల మధ్య నేలను ఏళ్లతరబడి బోడిగా ఉంచితే వేరు దొరకక శిలీంధ్రం క్షీణిస్తుంది. జనుము, అలసంద, జొన్న వంటివి సాలుల మధ్య వేస్తే వాటి వేళ్లపై అది వర్ధిల్లుతుంది. ఆవ, కోసు కుటుంబం మొక్కలు ఈ శిలీంధ్రాన్ని చేరనివ్వవు, పాలకూర, బీటుదుంప కూడా అటువంటివే.

విద్యార్థులు దీనిని స్వయంగా చూడవచ్చు. ఖరీదైన రంగులు అవసరం లేదు. సిరా, వెనిగర్ చాలునని 1998లో ప్రచురించిన పద్ధతి ఒకటున్నది. కళాశాల కార్యవర్గం వారు కొత్తగా కొనవలసినది ఏమీ లేదు, మన ప్రయోగశాలలోని సాధారణ సూక్ష్మదర్శినియే సరిపోతుంది. బొప్పాయి లేదా నిమ్మ మొక్క సన్నని పిల్లవేళ్లను, కొనలు తెగకుండా, మట్టితో సహా తీసి నీటిలో కడగాలి. సెంటీమీటరు ముక్కలుగా కోసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేరు పారదర్శకమయ్యేవరకు వేడిచేయాలి. ఇది చర్మాన్ని, కంటిని కాల్చే క్షారం కనుక ఈ పని అధ్యాపకుల సమక్షంలోనే జరగాలి. తరువాత బాగా కడిగి, 95 పాళ్లు తెల్లని వెనిగర్, అంటే మన ఇళ్లలో సిర్కా అనేది, 5 పాళ్లు ఫౌంటెన్ పెన్ను సిరా కలిపిన ద్రావణంలో 3 నిమిషాలు మరిగించాలి. కొన్ని చుక్కల వెనిగర్ కలిపిన నీటిలో ఉంచితే అదనపు రంగు వదులుతుంది. వేరు కణాలు లేతగా, శిలీంధ్రం ముదురు రంగులో కనిపిస్తుంది: పొడవైన తంతువులు, గుండ్రని కోశికలు, ఓపికగా చూస్తే ఆర్బస్క్యూల్ పొదలు.

నూరు ముక్కలు పరిశీలించి ఎన్నిటిలో శిలీంధ్రం ఉన్నదో లెక్కిస్తే అదే శాతం. కొబ్బరిపొట్టులో పెరిగిన నర్సరీ మొక్క వేరును, పాత తోటలోని చెట్టు వేరును పక్కపక్కన పెట్టి లెక్కించి చూడండి. వాటితోపాటు ఒక ఆవమొక్క వేరుకు కూడా ఇదే విధంగా రంగు వేయండి. దానిలో ఆర్బస్క్యూల్‌లు ఉండవు. ఉన్నట్లు తోచితే మొదటి రెండు లెక్కలను మళ్లీ సరిచూసుకోవలసి ఉంటుంది.